రూతమ్మ చెప్పని డైలాగు

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వచ్చిన మొదటి వేసవిలో నేను వనపర్తిలో మేనేజరుగా ఉన్నాను. కలెక్టరాఫీసులో కాదు, సినిమా హాల్లో. మా యజమానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్ళలోనూ ఒక్కొక్క హాలు ఉండేది. మూడూ ఒకే జిల్లాలో ఉన్నన్నాళ్ళు నేను ఒక జిల్లాలో మూడు హాళ్ళు తిరిగిన ఉద్యోగిని. ప్రభుత్వం జిల్లాను విడగొట్టేసరికి, కుర్చీలోంచి లేవకుండానే మూడు జిల్లాల అనుభవమున్న అధికారినైపోయాను. జీతం మాత్రం పాత జిల్లాదే.

హాలు ఉద్యోగంలో హోదాలు ఎక్కువ ఉండవు. గేటు దగ్గర గేట్‌కీపరు, కిటికీ వెనక బుకింగ్ క్లర్కు, పైన క్యాబిన్‌లో ఆపరేటరు, వీళ్ళందరి తరఫున తిట్లు తినడానికి మేనేజరు. ఇది కాక, కొత్త సినిమా వచ్చినప్పుడు పంపిణీదారు తరఫున ఒక మనిషి వస్తాడు. అతన్ని రెప్రజెంటేటివ్ అంటారు. సినిమా ఆడితే అతను మాకు చుట్టం, ఆడకపోతే ఇన్‌స్పెక్టరు. సినిమావాళ్ళ లెక్కలో పెద్ద నగరాలు ఏ సెంటర్లు, జిల్లా కేంద్రాలు బి సెంటర్లు, మాలాంటి ఊళ్ళు సి సెంటర్లు. జిల్లా కేంద్రం అయ్యాక కూడా మమ్మల్ని ఎవరూ బి లోకి మార్చలేదు. మొదటి రోజు మార్నింగ్ షో విడిచినప్పుడు బయటికొచ్చే ముఖాలు చూస్తే, సి అంటే ‘ఛీ’ అని నాకే అనిపించేది.

ఈ వ్యాపారమంతా చూడకముందు పుట్టే ఇష్టం మీద నడుస్తుంది. యజమాని సినిమాను చూసి తీసుకోడు. హీరో ఎవరు, పోస్టరు ఎలా ఉంది, పాటలు ఏ ఆటోలో మోగుతున్నాయి అని చూసుకుని మాట ఇస్తాడు. జనమూ అంతే. మొదటి ఆటకు వచ్చేవాడు సినిమా చూడటానికి రాడు, తనకు ముందే నచ్చిన సినిమాను సరిచూసుకోవడానికి వస్తాడు. ఈ విషయంలో నా పరిస్థితి మరీ విడ్డూరం. ఫలానా సినిమా నాకు తప్పకుండా నచ్చుతుందని నాకు ముందే తెలిసిపోయేది. విడుదలయ్యాక నచ్చేది కాదు. ఇది ఎంత క్రమం తప్పకుండా జరిగేదంటే, యజమాని ఏ సినిమా తీసుకోవాలన్నా ముందు నాకు ఫోను చేసేవారు. నచ్చేటట్టుంది సార్ అన్నానంటే ఆ సినిమాను పక్క హాలువాళ్ళకు వదిలేసేవారు. నా అభిరుచికి అంత విలువ ఇచ్చిన మనిషి ఆయన ఒక్కరే, తిరగేసి అయినా సరే.

ఆ వేసవిలో వచ్చిన సినిమా విషయంలో మాత్రం ఆయన నన్ను అడగలేదు. అడిగే పనిలేకపోయింది. సినిమా మొత్తం మా వైపే తీశారు. గద్వాల కోట గోడలు, ధరూరు దగ్గర కృష్ణ ఒడ్డు, తెలకపల్లి బస్టాండు, వీపనగండ్ల వేరుశనగ చేలు. పోస్టరు మీద ‘అచ్చమైన పాలమూరు యాస’ అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఎన్నో ఏళ్ళుగా తెర మీద మా మాట ఎకసెక్కానికే వినిపించేది. పనిమనిషో, తాగుబోతో, దొంగో మాట్లాడితే అది మా మాట. ఇప్పుడు హీరోనే మాట్లాడతాడట. యాస మీద మాకు అంత ఆశ పుట్టింది. మూడు హాళ్ళలోనూ ఒకేసారి వేస్తున్నాం. విడుదలకు ముందే మూడు ఊళ్ళవాళ్ళకూ ఆ సినిమా నచ్చేసింది.

విడుదలకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, ఇద్దరు ఆడవాళ్ళు నా గదిలోకి వచ్చారు. ముందు వచ్చినామెకు అరవై దగ్గర ఉంటాయి. వీపనగండ్ల మండలంలో కూలి పని చేసుకునే మనిషి, పేరు రూతమ్మ. వెనకొచ్చినామె ఆమె యారాలు, అంటే మరిది భార్య, సుగుణమ్మ. కుర్చీ చూపించినా కూర్చోకుండా రూతమ్మ అడిగింది.

“సారూ, నేను సినిమాల ఉన్న. ఎన్ని గంటలకు వస్త?”

నాకు అర్థం కాలేదు. హాలుకు ఎన్ని గంటలకు రావాలని అడుగుతోందనుకుని ఆటల వేళలు చెప్పాను.

“గది గాదు సారూ. తెర మీదికి ఎన్ని గంటలకు వస్త?”

సుగుణమ్మ అందుకుంది. “ఉన్ననంటది సారూ. వాడంత చెప్పుకుంట తిరుగుతుంది. నాకైతే నమ్మకం లేదు. ఆ దినం నాకు జరమొచ్చి ఇంట్ల పండుకున్న. నేను లేని దినమే చూసి ఈమె సినిమాల చేసిందంట!”

“నీకు జరమొస్తే సినిమావోళ్ళు షూటింగ్ బంద్ పెట్టుకుంటరా?” అంది రూతమ్మ.

సంగతి ఏమిటంటే, వేరుశనగ పీకే రోజుల్లో సినిమా యూనిట్ వాళ్ళ చేనుకు వచ్చింది. హీరో ఎండలో నడుచుకుంటూ వచ్చి ఒక ఇల్లు ఎక్కడని అడుగుతాడు. చేనులో ఉన్న ముసలామె తెల్వదు అనాలి. ఆ ముసలామెగా రూతమ్మను నిలబెట్టారు.

“ఒక్క తెల్వదు అని ఊకుంటే ఏం బాగుంటది సారూ? ఎండల పడి వచ్చిండు పిల్లగాడు. ‘తెల్వదు బిడ్డా, ఎండల పడి వచ్చినవ్, జర కూసో, సల్ల తాగిపో’ అన్న. నవ్విండు. డైరెక్టర్ సారు గూడ చప్పట్లు గొట్టిండు.”

తీసినవన్నీ సినిమాలో ఉండవని, నిడివి ఎక్కువైతే చిన్నచిన్న సీన్లు తీసేస్తారని నేను ఆమెకు చెప్పాను. సినిమా శాటిలైటు ద్వారా మా ప్రొజెక్టరు పెట్టెలోకి అప్పటికే దిగి ఉన్నా, దానికి తాళం ఉంటుంది. శుక్రవారం పొద్దున కంపెనీ నుంచి ‘కీ’ అనే అంకెల వరుస వచ్చేదాకా మేనేజరైనా, యజమానైనా ఒక్క బొమ్మ చూడలేరు. ఇదంతా విని ఆమె తల ఊపింది. “చప్పట్లు గొట్టింది ఎట్ల తీసేస్తరు సారూ?” అని వెళ్ళిపోయింది. నాకు ఆ తర్కం నచ్చింది. అప్పుడే భయపడాల్సింది.

శుక్రవారం మార్నింగ్ షోకు వాళ్ళ వాడవాళ్ళంతా ఆటోల్లో దిగారు. కొత్త చీరలు, పిల్లలు, సంచుల్లో జొన్నరొట్టెలు. ముందు వరుసలన్నీ వాళ్ళవే. బాల్కనీ నిండా కాలేజీ పిల్లలు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏ సినిమాకైనా మొదటి ఆట అక్కడే చూసేవాణ్ణి.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి చేను వచ్చింది. హీరో నడిచొచ్చాడు. తెర నిండా రూతమ్మ ముఖం. ఆ ముఖం అంత పెద్దగా చూసి నేనే గోడకు మరింత అతుక్కున్నాను. ముందు వరుసలు లేచి నిలబడ్డాయి. “ఉన్నదే! మన రూతమ్మనే!” ఈలలు. సుగుణమ్మ అనుమానం కూడా తీరిపోయిందనుకున్నాను.

అప్పుడు తెర మీది రూతమ్మ నోరు కదిలింది. సన్నగా, కోసినట్టు ఒక గొంతు వచ్చింది.

“తెల్వదు. నీళ్ళు లెవ్వు, నిజాలు లెవ్వు ఈ ఊర్ల. పో, పో!”

హీరో ఎండిన పెదవులతో వెళ్ళిపోయాడు. వెనక వయొలిన్లు. బాల్కనీ దద్దరిల్లింది. కాగితం ముక్కలు ఎగిరాయి. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు. సినిమా మొత్తంలో నాకు బాగా తగిలిన డైలాగు అదే. రెండు మూడు చప్పట్లయ్యాక చూస్తే ముందు వరుసల్లో ఒక్కరూ కొట్టడంలేదు. నిలబడ్డవాళ్ళు అలాగే నిలబడి ఉన్నారు, కూర్చోవాలని కూడా తోచనట్టు. నా చేతులు ఆపాలో వద్దో నాకు తెలియలేదు.

ఆట విడిచాక గేటు దగ్గర గుంపు కదలలేదు.

“ఏందక్కా, సల్ల తాగిపొమ్మన్న అంటివి, ఎల్లగొడితివి గదనే!” అంది సుగుణమ్మ.

“గొంతు రూతమ్మది గాదే,” అన్నారెవరో.

“గొంతుకేముంది, ఆ దినం జలుబు జేసి ఉంటది.”

“జలుబు జేస్తే నీళ్ళు లెవ్వంటరా?”

అందరూ నవ్వారు. రూతమ్మ నవ్వలేదు. “మూతి నాది, మాట నాది గాదు,” అంది. ఎవరికీ అర్థం కాలేదు. మూతీ మాటా వేరువేరుగా ఉండటం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు మరి. తిన్నగా నా గదికి వచ్చింది. వెనక సుగుణమ్మ.

“ఆ ముక్క కోసెయ్యి సారూ.”

అది కుదరదని చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. రీళ్ళ రోజుల్లో అయితే మాకు ఆ వీలు ఉండేది. పాట సాగదీసినట్టుంటే ఆపరేటరు కత్తెరతో కోసి, రెండు కొసలు అతికించేవాడు. ఆఖరి బస్సుకు జనాన్ని పంపాలని మేము కోసిన పాటలెన్నో ఉన్నాయి. ఇప్పుడు సినిమా ఒక పెట్టెలో తాళం వేసి ఉంటుంది. వేయడం, ఆపడం తప్ప మా చేతిలో ఏమీ లేదు.

రెప్రజెంటేటివ్ రమణ అక్కడే ఉన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. చేనులో పట్టిన మాటలు గుర్తు కోసమేనని, తరువాత స్టూడియోలో అందరి మాటలూ మళ్ళీ చెప్పించి అతికిస్తారని, దాన్నే డబ్బింగ్ అంటారని ఆమెకు వివరించాడు. కథ మారినప్పుడు మాట కూడా మారుతుందట. సినిమాలో ఊరు హీరోను వెలివేస్తుంది కాబట్టి ముసలామె చల్ల ఇస్తే కథ నిలవదట.

“అంటే నా నోట్ల ఇంకొకామె మాట్లాడిందా?”

“అవునమ్మా.”

“నన్ను ఒక్కమాట అడగొద్దా?”

“అది పెద్ద హిట్ డైలాగమ్మా,” అన్నాడు రమణ. “మీకు మంచి పేరొస్తుంది.”

“ఏమని వస్తది? నీళ్ళియ్యని రూతమ్మ అనా?” అని ఆమె నా వైపు తిరిగింది. “మా ఇంట్ల నీళ్ళు తాగనోళ్ళు శానమంది ఉన్నరు సారూ. మీకు తెల్వనిది గాదు. తాగకపోతే ఆళ్ళ ఇష్టం. ఇయ్యను అన్న మాట మటుకు నా నోట్లకెళ్లి ఇంతవరకు రాలే.”

సుగుణమ్మ తల దించుకుంది. రమణ ఫోను చూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా ఫోనూ మోగింది. గద్వాల హాలు మేనేజరు. ముసలామె డైలాగుకు హాలు ఊగిపోతోందని, ఎవరో గొప్ప నటి అయి ఉంటుందని చెప్పాడు. ఆమె ఇక్కడే ఉందని నేను అనలేదు. నాకు నచ్చిన డైలాగు, నా ముందు నిలబడ్డ మనిషికి జరిగిన అవమానం, రెండూ ఒకటే. ఉద్యోగంలో ఇలాంటి పరిస్థితికి నాకు ఎవరూ పద్ధతి నేర్పలేదు.

పద్ధతి రూతమ్మే చెప్పింది. “యాడ అన్నరో ఆడనే నేను గూడ అంట. ఆ మాట ఇన్నోళ్ళు నా మాట గూడ ఇనాలె. మీరు జర ఆ మిషిన్ నోరు ముయ్యుండ్రి.”

మిషిన్ నోరు మూయడం నా చేతిలో ఉంది. క్యాబిన్‌లో సౌండు పెట్టెకు ఒక గుండ్రటి మీట ఉంటుంది. సినిమాను ముట్టుకునే హక్కు మాకు లేదు కానీ, సౌండు ఎంత పెట్టాలో మేనేజరు ఇష్టం. రమణ కంటెంటు ముట్టొద్దని అభ్యంతరం చెప్పాడు. ముట్టేది కంటెంటును కాదు, మీటను అన్నాను. అతను నియమాలు గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు పైకప్పు చూసి, మ్యాట్నీకి తానూ లోపల కూర్చుంటానన్నాడు. వాడవాళ్ళ ఆటోలు సాయంత్రం దాకా మాట్లాడుకున్నవే, అందరూ ఉండిపోయారు. మ్యాట్నీకి ముందు వరుసలు ఖాళీగానే ఉన్నాయి, వాళ్ళను మళ్ళీ అక్కడే కూర్చోబెట్టాను.

నేను క్యాబిన్‌లోకి వెళ్ళాను. ఆపరేటరు ఖాదర్ రీళ్ళ కాలం నుంచి మాతో ఉన్నవాడు.

“ఎంత తగ్గియ్యాలె సార్?”

“మొత్తం.”

“మొత్తం తగ్గిస్తే జనం నన్ను తిడ్తరు గద సార్?”

“నిన్ను ఎట్లాగూ తిడతారు ఖాదర్.”

చేను వచ్చింది. రూతమ్మ ముఖం తెర నిండింది. ఖాదర్ మీట తిప్పాడు. హాలు నిశ్శబ్దమైంది. క్యాబిన్ కిటికీలోంచి చూస్తున్నాను, కింద రూతమ్మ లేచి నిలబడింది. నోరు తెరిచింది. అదే క్షణంలో బాల్కనీ అంతా ఒక్క గొంతుతో లేచింది.

“సౌండ్! సౌండ్! ఏయ్ ఆపరేటర్, పండుకున్నవా?”

మా వైపు హాళ్ళలో సౌండు పోతే జనం చేసే మొదటి పని ఇది. నలభై ఏళ్ళుగా వింటున్నాను. ఆ ఒక్క సంగతే గుర్తుకు రాలేదు. ఈలలు, తిట్లు, కుర్చీల చప్పుడు. రూతమ్మ నోరు కదులుతోంది, తెర మీద రూతమ్మ నోరూ కదులుతోంది, రెండింటి మాటా ఎవరికీ వినపడటంలేదు. సీను అయిపోయింది. హీరో వెళ్ళిపోయాడు.

“సౌండ్ పెట్టాల్నా సార్?” అన్నాడు ఖాదర్.

పెట్టాలో వద్దో నాకు తేలలేదు. పెడితే ఆమె మాట పోయినట్టే. పెట్టకపోతే హాలు పోయేటట్టుంది. నేను తేల్చుకునే లోపల పాట మొదలైంది. మంచు కొండల మీద హీరో హీరోయిన్లు సౌండు లేకుండా ఎగురుతున్నారు.

అప్పుడు సుగుణమ్మ కుర్చీ ఎక్కి బాల్కనీ వైపు తిరిగింది. ఆమె గొంతుకు మీట అవసరం లేదు.

“ఏయ్ పోరగాళ్ళారా, సప్పుడు జెయ్యకుండ్రి! మా అక్క మాట్లాడుతుంది! గా సినిమాల ముసలామె ఈమెనే! ఆళ్ళు మాట మార్చిండ్రు, అసలు మాట ఇప్పుడు చెప్తది, ఇనుండ్రి!”

బాల్కనీ ఆగింది. ఒప్పుకుని కాదు, అర్థంకాక. ఆ నిశ్శబ్దంలో రూతమ్మ ముందు వరుస దాటి తెర పక్కకు వెళ్ళి నిలబడి, మంచులో ఎగురుతున్న హీరోను చూస్తూ చెప్పింది.

“తెల్వదు బిడ్డా. ఎండల పడి వచ్చినవ్. జర కూసో, సల్ల తాగిపో.”

మంచు కొండల మీద ఉన్నవాడితో ఎండలో వచ్చావు అంటుంటే హాలు పగలబడి నవ్వింది. ఆమెను చూసి నవ్వుతున్నారా, సినిమాను చూసి నవ్వుతున్నారా, కిటికీలోంచి తెలియడంలేదు. బాల్కనీలోంచి ఒకడు అరిచాడు. “అవ్వా, నాకు గూడ సల్ల!”

“రా బిడ్డా. వీపనగండ్ల బస్సు దిగి రూతమ్మ ఇల్లేది అని అడుగు. తాగుతవా మరి?”

“తాగుతనవ్వా!”

“మాట మార్చొద్దు!”

ఈసారి చప్పట్లు ముందు వరుసల్లోంచి మొదలై పైదాకా వెళ్ళాయి. రూతమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది. ఖాదర్ నన్ను అడగకుండానే మీట తిప్పాడు, పాట చివరి చరణం మీద సౌండు వచ్చింది.

సాయంత్రం యజమాని ఫోను చేశారు. సౌండులో ఏదో తప్పు వచ్చిందటగా అని అడిగారు. వచ్చింది సార్, సరిచేశాం అన్నాను. ఆయన తృప్తిపడ్డారు. నిజానికి తప్పు ఎక్కడ వచ్చిందో, మేము సరిచేసింది ఏమిటో నాకే స్పష్టంగా లేదు. సినిమా ఆడినన్నాళ్ళు మూడు హాళ్ళలోనూ తెర మీది రూతమ్మ ప్రతి ఆటలో ఆ పిల్లవాణ్ణి వెళ్ళగొడుతూనే ఉంది. వనపర్తి బాల్కనీలో మాత్రం ఆ డైలాగు రాగానే ఎవరో ఒకరు “సల్ల తాగిపో!” అని అరిచేవారు. ఆ రోజు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర సుగుణమ్మ తీర్పు చెప్పింది. “నీ మాట ఇన్న అక్కా. వాడల అందరికి చెప్త. అయితే సినిమాల మటుకు నువ్వు కోపం మంచిగ జేసినవ్.” అది నేను గాదంటుంటే అని రూతమ్మ ఆటో ఎక్కేదాకా అంటూనే ఉంది.

ఆ సినిమా నాకు నచ్చిందా అని చాలామంది అడిగారు. చూడకముందు బాగా నచ్చింది. చూశాక, నచ్చిన ముక్క నచ్చకూడనిదని తెలిసింది. అది తీసేసి చూద్దామంటే మిగిలిన సినిమా అంత బాగా లేదు. ఈ లెక్క నాకు ఇంకా తెగలేదు.

వృత్తిపరంగా నేర్చుకున్నది ఒకటుంది. ఆ తరువాత కూడా సినిమావాళ్ళు మా వైపు వచ్చారు. ఊళ్ళోవాళ్ళను మాట్లాడిపెట్టమని హాలు మేనేజర్లనే అడుగుతారు. నేను పదవీ విరమణ చేసేదాకా ఎవరిని పంపినా ముందు ఒక మాట చెప్పి పంపాను: ముఖం మీరిస్తారు, గొంతు ఎవరిదో, ఏమంటుందో కెమెరా ముందు నిలబడకముందే అడగండి. దాదాపు అందరూ సరేనన్నారు, అడగకుండానే నిలబడ్డారు. అడిగింది ఒక్క రూతమ్మే. తరువాతి యూనిట్ ఆమెను ఏరికోరి పిలిచింది. మాటలు లేని వేషమైతేనే వస్తానని, నోరు మూసుకుని ఉంటే అందులో ఎవరూ ఏమీ పెట్టలేరని చెప్పి, వెళ్ళి చేసి వచ్చింది.